మేస్త్రమ్మ వంతు

హాలు నేల మీద ఎర్ర చుక్కలు కనిపించాయి. బెల్టు ఆగిపోయింది.

మాది దూది హాలు. ఆసుపత్రులకు పోయే దూదిని చుట్టలు చుట్టి, కవర్లలో పెట్టి, అట్టపెట్టెల్లో సర్దుతాం. గోడలు తెలుపు, నేల తెలుపు, మా బట్టలు తెలుపు, నెత్తిన టోపీ తెలుపు. ఆ తెలుపులో ఈగ వాలినా తెలిసిపోతుంది. అలాంటి చోట నెత్తుటి చుక్క పడితే ఏమవుతుందో వేరే చెప్పాలా? సూపర్‌వైజరు చుక్కల దాకా వచ్చి, ముక్కు మూసుకుని వంగి చూసి, తలెత్తి మా వైపు తిరిగాడు. దూది వైపు కాదు, పైకప్పు వైపు కాదు, మా వైపే. హాలంతా ఆడవాళ్ళమే కదా.

"ఎవరిది?"

ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"మిమ్మల్నే అడుగుతున్నా. ఇంగితం ఉండక్కర్లా? ఆసుపత్రికెళ్ళే సరుకు ఇది."

"మాది కాదు సారూ," అంది మా వదిన. మా అన్న భార్య. బెల్టు దగ్గర నా పక్క స్థానం ఆమెదే. నోరు ఆగదు.

"మీది కాకపోతే నాదా?"

"ఏమో, మాకేం తెలుసు? మీరే చూసుకోండి."

టోపీల కింద ఎవరో కిసుక్కుమన్నారు. సూపర్‌వైజరు చెవులు ఎర్రబడ్డాయి. నర్సమ్మని కేకేశాడు. ఆవిడ నర్సూ కాదు పాడూ కాదు. కట్లు కట్టే మందుల డబ్బా తాళంచెవి ఆవిడ దగ్గరుంటుంది, అంతే. "ఒక్కొక్కరినీ ఆ పక్క గదిలోకి తీసుకెళ్ళి చూడు. ఎవరిదో తేలేదాకా బెల్టు కదలదు. కదలని బెల్టుకి ఎవరు సమాధానం చెప్తారో నేను చూస్తా."

చూడు అంటే ఏమిటో అందరికీ అర్థమైంది. గోడ వెంట వరసగా నిలబడ్డాం. నిలబడమంటే నిలబడటం మాకు బాగా వచ్చు. వరసలో మొదట కొత్తపిల్ల ఉంది. పెళ్ళయి ఇంకా ఏడాది కాలేదు, హాల్లో చేరి నెల కూడా కాలేదు. ఏడవడం లేదు గానీ టోపీ కళ్ళ మీదికి లాక్కుంది. నర్సమ్మ ఆ పిల్ల జబ్బ పట్టుకుంది.

ఆ చుక్కలు ఎవరివో నాకు తెలుసు. పొద్దున గిడ్డంగి నుంచి వస్తూ చూశాను.

"అవి మేస్త్రమ్మవి సారూ," అన్నాను.

"మేస్త్రమ్మ ఎవరు? నా హాల్లో నాకు తెలియని మేస్త్రమ్మ ఎవరు?"

ఈసారి నవ్వు ఆపుకోవడం ఎవరివల్లా కాలేదు. "కుక్క సారూ," అన్నాను.

కుక్క అంటే గిడ్డంగి కుక్క. దూది బేళ్ళని ఎలుకలు కొరుకుతాయని, రాత్రుళ్ళు దొంగలు పడతారని, యజమాని దాన్ని కొనిపించి తెప్పించాడు. ఆడకుక్క, గోధుమరంగు, పెద్ద తల. పగలు హాలు గుమ్మానికి ఇవతల ఇనుప కొక్కేనికి కట్టేస్తారు. ఆవరణలో లారీలు తిరుగుతాయి కాబట్టి బయట కట్టరు. పొద్దున్నా సాయంత్రం కాపలా తాత దాన్ని బెల్టు పక్క నుంచే నడిపించుకు పోతాడు. అది మా చేతుల వంక, చుట్టల వంక తప్పు పట్టేదానిలా చూసుకుంటూ పోతుంది. అందుకని మేస్త్రమ్మ. సారు కంటే అదే బాగా చూస్తుందని వదిన అనేది.

దూది దగ్గర తడి చేయకూడదని దానికి చిన్నప్పుడే కర్రతో నేర్పారు. బాగా నేర్చుకుంది. పొద్దున హాలు తెరిచింది మొదలు సాయంత్రం మూసేదాకా బిగపట్టుకుని పడుకునేది. తాత కూడా తెలివిగా పగలు దానికి నీళ్ళు పెట్టేవాడు కాదు.

సూపర్‌వైజరు నమ్మలేదు. "దానికి దెబ్బ తగిలిందా? గాయం ఏది?" అన్నాడు. నేను వెళ్ళి గొలుసు విప్పాను. నాలుగడుగులు వేసిందో లేదో మేస్త్రమ్మ అక్కడే, హాలు నేల మీదే, చతికిలబడ్డట్టు వంగింది. వెనక కాళ్ళు వణికాయి. ముక్కింది. ఎంతకీ రాదు. చివరికి మూడు చుక్కలు పడ్డాయి, ఎర్రగా. పడగానే చెవులు వెనక్కి వాల్చి, పొట్ట నేలకి ఆనించి, కర్ర కోసం చూసింది.

కొత్తపిల్ల గోడ వెంట జారి కూర్చుండిపోయింది. నర్సమ్మ చేయి తీసేసింది. తప్పయిందని ఎవరూ అనలేదు. "పొండి, పొండి, పనిలో పడండి," అన్నాడు సూపర్‌వైజరు. బెల్టు కదిలింది.

తర్వాత అక్కడే నిలబడి యజమానికి ఫోను చేశాడు. ఆయన గొంతు మా దాకా వినిపించింది. "దూది హాల్లో నెత్తురు కార్చే కుక్క నాకెందుకు? సూది వేయించి పారెయ్. ఇంకోదాన్ని చూద్దాం."

నా చేతులు చుట్టలు చుడుతూనే ఉన్నాయి. వదిన నా వంక చూడకుండానే అంది, "మమ్మల్ని తప్పించావు. దాన్ని పట్టించావు." నిష్ఠూరం కాదు. ఉన్నమాట.

బాధ కలగాలి కదా అనుకున్నాను. కలగలేదు. చాలా కాలంగా నాకు ఏదీ వెంటనే కలగదు. ఆ సంగతి చెప్పాలంటే చెక్క సంగతి చెప్పాలి.

హాలు గుమ్మం పక్కన మేకుకి ఒక చెక్క వేలాడుతుంది. అరచేయంత ముక్క, తాడు కట్టి. దాన్ని మెడలో వేసుకున్న మనిషే బయటికి, అంటే ఒంటికి, వెళ్ళాలి. హాలంతటికీ ఒకటే చెక్క. అది తిరిగొచ్చి మేకుకి పడితేనే ఇంకొకరు లేవాలి. పెద్దవాళ్ళకి, నిండు చూలాలికి ముందు ఇస్తాం. మిగతావాళ్ళకి వంతు మధ్యాహ్నం దాటాక వస్తుంది, కొన్నిరోజులు అసలు రాదు. అందుకని మేం నీళ్ళు తాగం. పొద్దున ఇంట్లో ఓ గుక్క, సాయంత్రం ఇంటికెళ్ళాక చెంబెడు. మొదట్లో పొట్ట కింద కోసినట్టుండేది. తర్వాత్తర్వాత నేర్చుకున్నాను. ఆ చోటు నాది కాదనుకోవాలి. నడుము దగ్గర నుంచి కింది మనిషిని ఇంకెవరిదో అనుకోవాలి. అలా అనుకోగా అనుకోగా నిజంగానే ఏమీ తెలియకుండా పోతుంది. చిక్కేమిటంటే, కింద మొద్దుబారింది కిందే ఆగిపోదు. మా అమ్మ పోయినప్పుడు కూడా నేను ఏడవలేదు. కన్నీళ్ళు ఎండిపోయాయేమోనని చుట్టాలు చెవులు కొరుక్కున్నారు. బిగపట్టడం అలవాటైన మనిషి దేన్నని విడిచిపెడుతుంది?

దీన్ని వాళ్ళు క్రమశిక్షణ అంటారు. నేను వేరే మాట అంటాను. అది ఇక్కడ రాస్తే అచ్చు వేయరు.

బాధ కలగకపోయినా చేయాల్సింది ఏమిటో తెలుసు. భోజనాల వేళ సూపర్‌వైజరు దగ్గరికి వెళ్ళాను. "దాన్ని డాక్టరుకి చూపిస్తాను సారూ. తగ్గే జబ్బేమో."

"నువ్వెందుకు చూపిస్తావ్? నీ చుట్టమా?"

"పట్టించింది నేను కదా."

ఆయన కాసేపు పళ్ళు కుట్టుకున్నాడు. కొత్త కుక్కని వెతకడం, నేర్పడం ఆయన నెత్తినే పడుతుంది. అది లెక్కేసుకున్నట్టున్నాడు. "సరే, చూపించు. కానీ విను. మందేస్తావో మంత్రమేస్తావో, తగ్గాక మళ్ళీ ఒక్క చుక్క కనిపించిందా, ఇంక నిన్ను అడగను. సూదే."

మర్నాడు కాపలా తాతా నేనూ మేస్త్రమ్మని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళాం. గొలుసు తాత చేతిలో, సీసా నా చేతిలో. డాక్టరు మూత్రం అడుగుతారని ముందే ఊహించి, పొద్దున అది కార్చిన చుక్కల్ని దూదితో అద్ది, సీసాలోకి పిండాను. హాల్లో దూదికి కరువా? నా తెలివిని నేనే మెచ్చుకున్నాను.

డాక్టరమ్మ చిన్నది. జుట్టు ముడేసి, చేతుల నిండా పిల్లి గీతలు. సీసా వెలుగుకి పట్టి చూసి, చెత్తబుట్టలో పడేసింది.

"అదేంటమ్మా!" అన్నాడు తాత. "అంత కష్టపడి పట్టుకొస్తే."

"నేల మీదిది పనికిరాదు తాతా. దాని ఒంట్లో ఉన్నదేదో, మీ నేల మీద ఉన్నదేదో ఎలా తెలుస్తుంది? పరీక్షలో అన్నీ మొలుస్తాయి. లేనిపోని మందు రాయాలి. దాన్ని బల్లెక్కించండి, వెల్లకిలా పట్టుకోండి."

పట్టుకున్నాం. పొట్ట కింది భాగం తుడిచి, ఒక సన్న సూది నేరుగా లోపలికి దించి, మూత్రం లాగింది. మేస్త్రమ్మ కుయ్యిమనలేదు. నా ముంజేయి నాకింది. గొట్టంలోకి వచ్చింది మడ్డిగా ఉంది. చేపలు కడిగిన నీళ్ళలా, చిక్కగా. వాసన గదంతా నిండింది. ఒక చుక్క గాజుపలక మీద వేసి మైక్రోస్కోపు కింద పెట్టి చూసింది.

"బాక్టీరియా. కుప్పలు కుప్పలుగా ఉన్నాయి. ఆడవాటికి దారి పొట్టి, కింది నుంచి తేలిగ్గా లోపలికి ఎక్కుతాయి. ఎప్పటికప్పుడు మూత్రం పోస్తే అవీ కొట్టుకుపోతాయి. పోయకుండా ఉంటే లోపలే పిల్లల్ని పెడతాయి. ఇదేం కొత్త జబ్బు కాదు, పాతబడింది. మాటిమాటికీ వెళ్ళాలన్నట్టు లేస్తోందా?"

"ఆ."

"వెళ్తే చుక్కే వస్తోందా? మంటతో ముక్కుతోందా? వాసనా? ఒక్కోసారి వణుకు?"

"ఆ," అన్నాను. అన్నిటికీ ఆ అన్నాను. కుక్క గురించి చెబుతున్నానా, వదిన గురించా, నా గురించా అని నాకే సందేహం వచ్చింది.

"ఎంతసేపు కట్టేస్తారు దీన్ని?"

తాత నేల చూపులు చూశాడు. "పొద్దున్నుంచి సాయంత్రం దాకా అమ్మా."

"మధ్యలో వదలరా? నీళ్ళు?"

"నీళ్ళు పెడితే పోస్తుందని..."

డాక్టరమ్మకి కోపం వచ్చింది. గ్లవ్స్ లాగి పడేసింది. "అన్నం తినేవాళ్ళు చేసే పనేనా ఇది? నోరు లేని జంతువని కదా! మీరుంటారా అలాగ, పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్ళు లేకుండా, బిగపట్టుకుని?"

"ఉంటాం," అన్నాను.

ఆవిడ నా వంక చూసింది.

"ఎలా ఉంటారు?"

"అలవాటు."

పక్క గదిలో ఏదో పిల్లి అరుస్తోంది. డాక్టరమ్మ కూర్చుని మాత్రలు రాసింది. నెమ్మదిగా చెప్పింది ఈసారి. ఎర్రదనం రెండు మూడు రోజుల్లోనే పోతుంది. పోయింది కదా అని మాత్రలు ఆపకూడదు. ఆపితే చావకుండా మిగిలినవి మొండివి, అవి మళ్ళీ పెరుగుతాయి, ఈసారి ఈ మందుకి లొంగవు. తీసిన మూత్రం పెద్ద ల్యాబుకి పంపుతుంది, ఏ మందుకి చస్తాయో అక్కడ తేలుస్తారు. నీళ్ళు ఎప్పుడూ ముందుండాలి. నాలుగు గంటలకోసారి తప్పకుండా బయటికి తిప్పాలి. "ఇది తిప్పకపోతే మాత్రలన్నీ బూడిదలో పోసినట్టే. మీ సూపర్‌వైజరు పేరు మీద రాసిస్తాను, వింటాడా?"

"మీరు రాస్తే వింటాడు."

చీటీ రాసి, ముద్ర కొట్టింది. లేవబోతూ అడిగాను, "అమ్మా, అదే సూదితో నాకూ తీసి చూస్తారా?"

తాత చేతిలోంచి గొలుసు జారింది. డాక్టరమ్మ నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయింది. "నేను పశువుల డాక్టర్ని అమ్మా."

"తెలుసు."

"మనుషుల ఆసుపత్రికి వెళ్ళు. ఆలస్యం చేయకు."

తలూపాను. మనుషుల ఆసుపత్రి మేం పనిలో ఉండగా తెరుచుకుని, మేం పని దిగేసరికి మూసుకుంటుంది. ఆవిడకి ఆ సంగతి చెప్పి ఏం లాభం?

సూపర్‌వైజరు చీటీ రెండుసార్లు చదివాడు. ముద్ర మీద వేలితో రుద్ది చూశాడు. ముద్ర ఉన్న కాగితానికి ఆయన లొంగుతాడు. "సరే. నాలుగు గంటలకోసారి. మరి ఎవరు తిప్పుతారు? తాత మాటిమాటికీ గేటు వదలడానికి లేదు. నేను తిప్పనా?"

"నేను తిప్పుతాను సారూ."

"తిప్పు. కానీ చెక్క తీసుకునే లేవాలి. హాలు రూలు హాలు రూలే."

అలా మేస్త్రమ్మకి వంతు వచ్చింది. వచ్చింది అంటే మాలో ఎవరిదో పోయింది. దాన్ని ఆవరణ చివర కంచె దాకా నడిపించి, అది వాసన చూసుకుని, చోటు నచ్చి, వంగి, ముక్కి, రెండు చుక్కలు రాల్చి తిరిగొచ్చేసరికి ఇద్దరి వంతు గడిచిపోయేది. నేను వెళ్ళేదాన్ని కాదు. కుక్క గొలుసు పట్టుకుని ఆవరణ చివరి మరుగుదొడ్డిలోకి ఎలా వెళ్తాను?

మొదటిరోజు హాలు సణిగింది. "బాగుందమ్మా వరస! దానికి మూత్రం జబ్బని మనకి తెప్పించేట్టున్నావు." "వచ్చే జన్మలోనైనా కుక్కలుగా పుడదాం లెండి, చీటీ దొరుకుతుంది." ఈ మాటన్నది వదినే. అని, మర్నాడు తన వంతు వచ్చినప్పుడు చెక్క తీసి నా మెడలో వేసింది. "పో. తిప్పుకురా దొరసాన్ని."

"నీ సంగతి?"

"నా సంగతి నాకు తెలుసులే. అది చస్తే నువ్వు ఏడవను కూడా ఏడవవు, రాయిలా కూర్చుంటావు. అలా చూడ్డం నావల్ల కాదు."

ఆ తర్వాత కొత్తపిల్ల ఇచ్చింది. తర్వాత వెనక వరసవాళ్ళు. ఎవరూ ఏమీ అనుకుని పంచుకోలేదు. ఆ పూట ఎవరు ఓర్చుకోగలిగితే వాళ్ళు చెక్క నా వైపు జరిపేవారు. మంచి పనా అది? కాదు. రోగంతో ఉన్న కుక్క కోసం రోగాలున్న మనుషులు బిగపట్టుకున్నారు. ఒక్క చెక్క ఎందుకుందని అడగడానికి మాకు నోరు రాలేదు, ఉన్న ఒక్కదాన్ని పంచుకోవడానికి మాత్రం చేతులొచ్చాయి. మాలాంటివాళ్ళని మంచివాళ్ళంటారు. ఆ పొగడ్త వింటే నాకు ఒళ్ళు మండాలి. అప్పుడు అదీ మండలేదు.

మాత్రలు నా డబ్బాలోనే ఉండేవి. అన్నం ముద్దలో పెట్టి పొద్దునొకటి, సాయంత్రమొకటి. మూడోనాటికి నెత్తురు ఆగిపోయింది. నీళ్ళు తాగడం మొదలెట్టింది మేస్త్రమ్మ. కంచె దగ్గర ముక్కడం మానేసింది. ల్యాబు నుంచి కబురొచ్చింది, అవే మాత్రలు పనిచేస్తాయి, చివరిదాకా వేయమని. సూపర్‌వైజరు యజమానికి ఫోనులో చెప్పాడు, "నేనే దగ్గరుండి చూపించాను సార్. నాలుగు గంటలకోసారి తిప్పిస్తున్నాను." మా ముందే చెప్పాడు. మాకు వినబడుతుందని సిగ్గు పడలేదు. అందులో సిగ్గు పడాల్సినదేదో ఉందని ఆయనకి తోచలేదు.

వదినకి జ్వరం ముందురోజు నుంచే ఉన్నట్టుంది. చెప్పలేదు. చుట్ట చుడుతూ చుడుతూ బల్ల అంచు పట్టుకుంది. పళ్ళు టకటకలాడుతున్నాయి. "చలిగా ఉందే అమ్మాయ్," అంది. నడుము పట్టుకుని వంగిపోయింది. ఆమె కూర్చున్న స్టూలు తడిసింది. ఎర్రగా. ఈసారి ఎవరిదని ఎవరూ అడగలేదు.

అన్నా నేనూ ఆసుపత్రిలో చేర్పించాం. రోగం మూత్రపిండాల దాకా ఎక్కిందన్నారు. చేతికి సూది గుచ్చి, సీసా వేలాడదీశారు. ఆ డాక్టరు పెద్దాయన, మంచివాడే. చెప్పిన మాటలు అచ్చంగా డాక్టరమ్మ మాటలే. నీళ్ళు తాగాలి, బిగపట్టకూడదు, నాలుగు గంటలు దాటనివ్వకూడదు, తగ్గింది కదా అని మందు ఆపకూడదు.

"అదే ఒక చీటీ రాసివ్వండి సార్," అంది వదిన పడుకునే. "మా సూపర్‌వైజరు పేరు మీద. నాలుగు గంటలకోసారి వదలమని."

ఆయనకి నవ్వొచ్చింది. "దానికి చీటీ ఏమిటమ్మా? వచ్చినప్పుడు లేచి వెళ్ళడమే. నువ్వేమన్నా చిన్నపిల్లవా, ఇంకొకరు వదలడానికి?"

వదిన నా వంక చూసింది. కుక్కకి చీటీ ఎందుకు రాశారంటే, దాన్ని ఎవరో కట్టేశారని ఒప్పుకున్నారు కాబట్టి. మమ్మల్ని ఎవరూ కట్టేయలేదట. వదిన మంచం దగ్గర నిలబడి నేను ఇంత బతుకులో మొదటిసారి ఒకటి ఆలోచించాను. మెడలో గొలుసు కనిపిస్తే జాలి పడేవాళ్ళు, మెడలో చెక్క కనిపిస్తే ఎందుకు పడరు?

"వెళ్ళవే, దాని సాయంత్రం మాత్ర వేళయింది," అంది వదిన.

మర్నాడు హాల్లో వదిన స్థానం ఖాళీ. ఆ రెండు చేతుల పని కూడా నా చేతులకే పడింది. మేస్త్రమ్మ వేళ అయింది. నేను లేచి మేకు దగ్గరికి వెళ్తే చెక్క లేదు. సూపర్‌వైజరు చేతిలో ఉంది. తాడు వేలికి చుట్టుకుని తిప్పుతున్నాడు.

"కూర్చో. ఇవాల్టి నుంచి కుక్క తిప్పుడు లేదు."

"ఇంకా మాత్రలున్నాయి సారూ."

"అవీ వద్దు. తగ్గిపోయిందిగా! నెత్తురు లేదు, ఏం లేదు. నేనే చూశా. ఇప్పటికే ఒక మనిషి తక్కువ, నువ్వు షికార్లు తిరిగితే బెల్టు ఎవరు చూస్తారు?"

"ఇప్పుడు ఆపితే తిరగబెడుతుంది. మళ్ళీ చుక్క కనిపిస్తే సూదే అన్నారు మీరు."

"అన్నా. అంటే కనిపించనివ్వకు."

ఆయన హేళన చేయలేదు. నిజంగానే అన్నాడు. కనిపించనివ్వకు. మేస్త్రమ్మకి కర్రతో చెప్పింది అదే, మాకు చెక్కతో చెప్పింది అదే. లోపల ఏమైనా కుళ్ళనీ, నేల మీద పడకుండా చూసుకో.

గుమ్మం దగ్గర గొలుసు చప్పుడైంది. దానికి వేళ తెలుసు. లేచి నిలబడి నా కోసం చూస్తోంది. ఆపేస్తే ఎన్నాళ్ళు? కొన్నాళ్ళలో ఎర్ర చుక్క, ఆ వెంటనే సూది. నేను పట్టించిన జంతువు, మేం వంతులు పోగేసి బతికించిన జంతువు.

నాకు ధైర్యం వచ్చిందని రాస్తే అబద్ధం. కోపం కూడా రాలేదు. కాళ్ళు ఎవరివో అన్నట్టు నడిచాయి, అంతే. చెక్క లేకుండానే గుమ్మం దగ్గరికి వెళ్ళి గొలుసు విప్పాను.

"ఏయ్! చెక్క లేకుండా ఎక్కడికి?" సూపర్‌వైజరు గుడ్లురిమాడు. "అడుగు బయట పెట్టావా, ఇంక లోపలికి రాకు. కుక్కనీ నువ్వే పెంచుకో!"

వెనక స్టూలు జరిగిన చప్పుడు వినిపించింది. కొత్తపిల్ల లేచింది. టోపీ సరిచేసుకుని, "నాకూ వస్తోంది సార్," అంది. గొంతు సన్నగా ఉంది. "పొద్దున్నుంచి వస్తోంది."

"కూర్చోమ్మా నువ్వు!"

"కూర్చుంటే హాల్లో అవుతుంది. నర్సమ్మగారితో చూపిస్తారా మళ్ళీ?"

ఇంకో స్టూలు జరిగింది. తర్వాత వెనక వరస. నినాదాలు లేవు, పిడికిళ్ళు లేవు. గోడ వెంట నిలబడమన్నప్పుడు ఎలా నిలబడ్డామో అలాగే, నెమ్మదిగా, తలలు వంచుకుని, ఒకరి వెనక ఒకరు బయటికి వచ్చారు. చివరికి నర్సమ్మ కూడా మందుల డబ్బా పక్కన పెట్టి వచ్చింది. బెల్టు మాత్రం నడుస్తోంది. దూది చుట్టలు చివరి దాకా పోయి, పట్టే చేతులు లేక, ఒకదాని మీద ఒకటి నేల మీద పడుతున్నాయి. సూపర్‌వైజరు వాటిని ఏరాలో, బటను నొక్కాలో, మమ్మల్ని తిట్టాలో తెలియక గుమ్మంలో నిలబడిపోయాడు. చెక్క ఇంకా వేలికే ఉంది.

ఆ తర్వాత జరిగినవి చాలా ఉన్నాయి. యజమాని వచ్చాడు, అరిచాడు, ఇద్దరు ముగ్గుర్ని తీసేస్తానన్నాడు, అందరం మళ్ళీ బయటికొచ్చేసరికి తగ్గాడు. మాత్రలు చివరిదాకా పడ్డాయి. డాక్టరమ్మ మళ్ళీ సూదితో తీసి చూసి, ఏమీ లేవంది. వదిన నడుము పట్టుకునే అయినా నడుచుకుంటూ తిరిగొచ్చింది. మేకు ఇంకా ఉంది, దానికి ఇప్పుడు ఎవరిదో గొడుగు వేలాడుతోంది. ఇవన్నీ తేలిగ్గా రాలేదు. అది వేరే కథ, దానికి వేరే కాగితాలు కావాలి.

ఆ రోజు సంగతి ముగిస్తాను. ఎండగా ఉంది. ఆవరణ చివర ఉన్నది ఒక్కటే గది, ఒక్కటే తలుపు. దాని ముందు తెల్ల టోపీల వరస గేటు దాకా సాగింది. మేస్త్రమ్మ కంచె దగ్గర వంగి, కళ్ళు మూసుకుని, నింపాదిగా, ధారగా పోసింది. మట్టిలో నురగ తేలింది. పసుపు రంగు, మామూలు రంగు. తాత గేటు దగ్గర నుంచే కేక పెట్టాడు, "ఎలా ఉంది అమ్మాయ్?"

"తేటగా ఉంది తాతా."

అప్పుడు పొట్ట కింద కోసినట్టయింది నాకు. చాలా ఏళ్ళ తర్వాత. నొప్పి ఎంత గట్టిగా వచ్చిందంటే కంచె పట్టుకున్నాను. వరసలో చివర నిలబడ్డాను, గొలుసు చేతికి చుట్టుకుని. మేస్త్రమ్మ పని అయిపోయింది కదా, నేర్పిన బుద్ధి పోనిస్తుందా, హాలు వైపు లాగడం మొదలెట్టింది.

గొలుసు దగ్గరికి లాక్కున్నాను. "ఉండవే," అన్నాను. "మా వాళ్ళదింకా అవలేదు."